అన్‌యాక్సెప్టబుల్: ఎక్కడ ఈ మాట, ఎక్కడ మరో మాట

ఒక్క పేజీ ఉత్తరం. అందులో ఆరు చోట్ల అన్‌యాక్సెప్టబుల్. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు ఒక ముద్రణ సంస్థకు ఇంగ్లీషులో రాసిన ఫిర్యాదు అది. పంపేముందు ఒకసారి చూడమని నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

పుస్తకాలు రెండు వారాలు ఆలస్యంగా రావడం అన్‌యాక్సెప్టబుల్. పరీక్షకు తీసిన 80 ప్రతుల్లో 3 ప్రతుల కుట్టు ఊడిపోవడం అన్‌యాక్సెప్టబుల్. ఫోనులో వాళ్ల ఉద్యోగి మాట్లాడిన తీరు అన్‌యాక్సెప్టబుల్. మా గదిలో తేమ వల్లనే కుట్టు ఊడిందన్న వాళ్ల వాదన అన్‌యాక్సెప్టబుల్. మేం పంపిన ఫొటోలను రుజువుగా తీసుకోబోమని వాళ్లు అనడం అన్‌యాక్సెప్టబుల్. సరుకు వాళ్ల గుమ్మం దాటిన 24 గంటల్లో లోపాలు చెప్పకపోతే తమకు బాధ్యత లేదన్న షరతు కూడా అన్‌యాక్సెప్టబుల్.

"మాట తప్పా సార్?" అని అడిగాడు, నా పెన్సిలు గీతలు చూసి.

తప్పు కాదు. ఆరుసార్లూ వ్యాకరణం సరిగ్గానే ఉంది, స్పెల్లింగూ సరిగ్గానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ మాట తలుపు మూసుకుందని చెబుతుంది గాని ఎవరు మూశారో చెప్పదు. ఆలస్యాన్ని కాదంటున్నది ఒప్పందంలోని తేదీ. కుట్టును కాదంటున్నది ఒక అంకె. ఫోనులో మాట్లాడిన తీరును కాదంటున్నది మర్యాద. తేమ వాదనను కాదంటున్నది తర్కం. కాదనేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు అందరికీ ఒకే మాట అప్పగిస్తే, చదివేవాడికి ఆరు ఫిర్యాదులు వినిపించవు, ఒక్క కోపం వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఈ ఒక్కొక్కరికీ వేరే మాట ఉంది. ఏది ఎప్పుడు తీసుకోవాలో చెప్పడమే ఇక్కడ నా పని. ముందుగా మూలం చూద్దాం. ఎంపికకు తాళంచెవి అక్కడే ఉంది.

చేతిలోంచి పుట్టిన మాట

యాక్సెప్ట్ మూలం లాటిన్‌లోని కపెరె అన్న క్రియ. పట్టుకోవడం, తీసుకోవడం అని అర్థం. దాని ముందు 'వైపు' అనే అర్థమిచ్చే అద్ చేరి అక్కిపెరె అయింది. అంటే ఇస్తున్నదాన్ని తన వైపు తీసుకోవడం. మనం రోజూ వాడే రిసీటు, కెపాసిటీ, రెసిపీ కూడా ఈ కపెరె సంతానమే. రెసిపీ అయితే లాటిన్‌లో అచ్చంగా ఒక ఆజ్ఞ: 'తీసుకో' అని. వైద్యుడు మందుచీటీ మొదట్లో రాసే మాట వంటింట్లోకి చేరింది. యాక్సెప్ట్‌తో జనం తికమక పడే ఎక్సెప్ట్ కూడా తోబుట్టువే. ఒకటి తన వైపు తీసుకోవడం, ఇంకొకటి గుంపులోంచి బయటికి తీసేయడం. ఈ రెండింటిలో ఏది ఎక్కడ రాయాలో తేలనివారికి వ్యాకరణ సూత్రాల కన్నా ఈ చేతి కదలిక ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఫ్రెంచి మీదుగా యాక్సెప్టబుల్ 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో కనబడుతుంది. దాని వ్యతిరేక రూపం తర్వాతి శతాబ్దం చివరికి వచ్చింది. ఆ రూపానికి ముందున్న అన్ మాత్రం లాటిన్ సరుకు కాదు, పాత ఇంగ్లీషు సొంత సొత్తు. ఫ్రెంచివాళ్లు లాటిన్ పద్ధతిలో ఇన్ తగిలించి వాడుకుంటారు. ఇంగ్లీషు లాటిన్ మొండేనికి తన తల అతికించింది. ఈ తల మనకు కొత్తది కాదు. అనుచితం, అనర్హం, అనంగీకారం అంటున్నప్పుడు అచ్చుకు ముందు మనం పెట్టే సంస్కృతపు అన్, హల్లుకు ముందు పెట్టే అ, లాటిన్ ఇన్, ఇంగ్లీషు అన్ అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవే.

మన మాటలు మాత్రం వేరే బొమ్మ గీస్తాయి. అంగీకరించడమంటే తన అంగంగా చేసుకోవడం. స్వీకరించడమంటే స్వంతం చేసుకోవడం. లాటిన్‌వాడు చేత్తో అందుకుంటే సంస్కృతంవాడు ఒంట్లో కలుపుకున్నాడు. అచ్చ తెలుగు ఒప్పుకోవడం ఇంకా చిత్రమైనది. ఒప్పు అంటే సరైనదీ అదే, ఒప్పుకోలూ అదే. సరైనదాన్నే ఒప్పుకుంటామన్న నమ్మకం ఆ మాట పుట్టుకలోనే ఉంది. జీవితంలో అలా జరగదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు తోకకు వద్దాం. అబుల్ అనే ఆ ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. వీలవుతుందనీ చెబుతుంది, తగుననీ చెబుతుంది. రీడబుల్ అంటే చదవడానికి వీలైనది. లవబుల్ అంటే ప్రేమించడానికి తగినది. అన్‌యాక్సెప్టబుల్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి: నేను ఒప్పుకోలేను, ఎవరూ ఒప్పుకోకూడదు. తెలుగు ఈ రెండింటినీ కలవనివ్వదు. సహించలేని నొప్పి అంటాం, సహించరాని అవమానం అంటాం. లేని చోట శక్తి చాలదు; రాని చోట ధర్మం ఒప్పదు. నొప్పిని సహించలేకపోవడం మన బలహీనత కావచ్చు, అవమానాన్ని సహించకపోవడం మన బలం కావచ్చు. ఇంగ్లీషు మాట ఎంచుకునేముందు మనసులో తెలుగులో ఒకసారి అనుకుని చూడండి, లేని వస్తుందో రాని వస్తుందో. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

దీని సొంత ఇల్లు: గీత దాటిన చోటు

అన్‌యాక్సెప్టబుల్‌కు అసలైన చోటు ఏదంటే, ముందే ఒక గీత గీసి ఉండి, ఎదుటిది ఆ గీత దాటిన చోటు. ఇష్టాయిష్టాలతో పనిలేదు. నాణ్యతా తనిఖీల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. సరుకును నమూనా తీసి పరీక్షించడానికి ఐఎస్ఓ 2859-1 అనే ప్రమాణం ఉంది. సాధారణ తనిఖీలో రెండో స్థాయి ప్రకారం 501 నుంచి 1200 దాకా ఉన్న సరుకులో 80 తీసి చూడాలి. ఒప్పందంలో నాణ్యతా పరిమితి, అంటే నూటికి ఎన్ని లోపాల దాకా ఓర్చుకోవచ్చో చెప్పే అంకె, 1.0 అని రాసుకుంటే 2 లోపాల దాకా సరుకు తీసుకోవాలి, 3 కనబడితే తిప్పి పంపాలి. అదే పరిమితి 1.5 అని రాసుకుని ఉంటే 3 లోపాలున్నా తీసుకోవాల్సిందే, తిప్పి పంపడం 4 దగ్గర మొదలవుతుంది.

మా కుర్రవాడి ఉత్తరంలో రెండో ఫిర్యాదు సరిగ్గా ఈ సంగతే. 1000 ప్రతులు, పరిమితి 1.0, తీసినవి 80, ఊడినవి 3. అదే 3 ప్రతులు ఇంకో ఒప్పందంలో ఆమోదయోగ్యం, ఇక్కడ కాదు. ఆ వాక్యంలో అన్‌యాక్సెప్టబుల్‌ను నేను కదిలించలేదు. పక్కన అంకెలు మాత్రం చేర్చమన్నాను. అంకె తోడుంటే ఈ మాటలో ఆవేశం పోయి తీర్పు నిలుస్తుంది.

ప్రభుత్వాలకు ఈ మాట నచ్చేదీ ఇందుకే. యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం గురించి చెప్పేటప్పుడు ముప్పులను మెట్లుగా విడదీసి, అన్నిటికన్నా పై మెట్టుకు పెట్టిన పేరు అన్‌యాక్సెప్టబుల్ రిస్క్. ఆ మెట్టు మీద ఉన్నవాటికి నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. మెట్లున్నాయి గనుక మాట అతికింది.

ఇదే గీత ఎంత భయంకరమైనది కాగలదో 1960ల అమెరికా అణు వ్యూహం చూపిస్తుంది. శత్రువు దాడికి దిగకుండా ఉండాలంటే అతనికి అన్‌యాక్సెప్టబుల్ నష్టం కలిగించే శక్తి తమకుండాలని రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా వాదించారు. ఆ నష్టం ఎంత? 1968 నాటికి ఆయన లెక్క, సోవియట్ జనాభాలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు, పరిశ్రమల శక్తిలో సగం. అంతకు తక్కువైతే ఎదుటివాడు ఓర్చుకోవచ్చునన్న అర్థం ఆ గీతలోనే దాగి ఉంది. మర్యాదగా వినిపించే ఆఫీసు మాట వెనక ఇలాంటి లెక్కలు కూడా ఉంటాయి. ఎవరైనా ఈ మాట వాడితే, మరి ఆమోదయోగ్యమైనది ఎంత అని అడగడం ఆరోగ్యకరమైన అలవాటు.

ఈ మాట రాజకీయాల్లో ఎక్కువమందికి గుర్తుండిపోయింది బ్రిటిష్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ వల్ల. 1973 మే 15న పార్లమెంటులో లోన్రో అనే కంపెనీ వ్యవహారం గురించి మాట్లాడుతూ ఆయన దాన్ని పెట్టుబడిదారీ విధానపు ఆమోదయోగ్యం కాని ముఖమన్నారు. జనం మరిచిపోయేది ఏమిటంటే, ఆయన ఆ ముఖానికి రెండు విశేషణాలు వాడారు. మొదటిది అన్‌ప్లెజెంట్, రెండోది అన్‌యాక్సెప్టబుల్. చూడ్డానికి బాగా లేనిదీ, ఒప్పుకోరానిదీ అని. మొదటిది రుచికి సంబంధించిన మాట, రెండోది తీర్పు. ముందు మెత్తగా మొదలుపెట్టి వెంటనే మెట్టు ఎక్కారు. తలకెక్కేలా మాట్లాడాలంటే ఆ వరస గమనించదగ్గది.

అన్ పెట్టాలా, నాట్ పెట్టాలా

విడిగా నాట్ యాక్సెప్టబుల్ అనడానికీ, అతికించి అన్‌యాక్సెప్టబుల్ అనడానికీ తేడా చిన్నదే, కానీ ఉంది. అతికించిన రూపం తిడుతుంది. విడి రూపం ఊరికే లేదంటుంది.

ఇంటర్నెట్‌లో సర్వరు పంపే 406 సంకేతం పేరు నాట్ యాక్సెప్టబుల్. బ్రౌజరు ఫలానా రూపంలో ఇవ్వమని అడిగింది, సర్వరు దగ్గర ఆ రూపం లేదు, అంతే. ఎవరి మీదా నింద లేదు. అదే చోట అన్‌యాక్సెప్టబుల్ అని రాసి ఉంటే యంత్రం మనల్ని కసిరినట్టుండేది.

దౌత్యంలో ఇంకో సొగసు ఉంది. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందంలో 9వ అధికరణం చూడండి. విదేశీ రాయబారి, దౌత్య హోదా ఉన్న సిబ్బంది వద్దనుకుంటే ఆతిథ్య దేశం పెర్సోనా నాన్ గ్రాటా, అంటే ఇష్టం లేని మనిషి, అని ప్రకటించవచ్చు. దౌత్య హోదా లేని ఇతర సిబ్బంది విషయంలో వాడే మాట నాట్ యాక్సెప్టబుల్. రెండింటికీ ఫలితం ఒకటే, మనిషి వెళ్లిపోవాలి. పైగా కారణం చెప్పనక్కర్లేదని అదే అధికరణం అంటుంది. పెద్దమనిషికి లాటిన్, చిన్న ఉద్యోగికి మామూలు ఇంగ్లీషు! పొమ్మనడంలోనూ హోదా చూసుకున్నారు.

కాబట్టి ఎదుటివారితో సంబంధం తెగకూడదనుకుంటే విడి రూపం తీసుకోండి. బేరం ఇంకా నడుస్తోందనుకోండి, 'ఈ ధర మాకు నాట్ యాక్సెప్టబుల్' అంటే అవతలివారు ఇంకో ధర చెబుతారు. అన్‌యాక్సెప్టబుల్ అంటే సంజాయిషీ చెబుతారు.

మిగతా మాటలతో పోలిక

ఇన్‌టాలరబుల్ ఒంటికి సంబంధించినది. లాటిన్ తొలెరారె అంటే మోయడం. మన తుల, తూకం వేసే త్రాసు, ఇదే మూలానికి చెందిన సంస్కృత పదం. బరువు మోయలేని స్థితి ఇన్‌టాలరబుల్. వేడి, నొప్పి, చప్పుడు, ఒంటరితనం, పని ఒత్తిడి దీనికి తగిన జోడీలు. ఎవరో ఒకరు ఆ బరువు కింద ఉండాలి. రెండు వారాల ఆలస్యాన్ని ఇన్‌టాలరబుల్ అని దిద్దుదామా అని కుర్రవాడు అడిగాడు. ఆ రెండు వారాలు ఎవరి వెన్ను విరిచాయి? ఎవరిదీ లేదు. అయితే అక్కడ అది నాటకం అవుతుంది. లేని, రాని పరీక్షలో ఇది ఎక్కువగా లేని వైపు మొగ్గుతుంది.

ఇన్‌అడ్మిసిబుల్ ద్వారపాలకుడి మాట. అడ్మిట్ మూలం లోపలికి పంపడం. వస్తువు మంచిదా చెడ్డదా అని ఈ మాట చూడదు, లోపలికి రానిచ్చే నియమం ఉందా లేదా అని చూస్తుంది. కోర్టులో ఒక సాక్ష్యం నూటికి నూరు పాళ్లు నిజమే అయినా ఇన్‌అడ్మిసిబుల్ కావచ్చు. రాబట్టిన పద్ధతి నియమానికి విరుద్ధమైతే చాలు. తెలుగులో దీనికి చెల్లదు అన్న ఒక్క మాట చాలు. అందుకే ఉత్తరంలో ఐదో వాక్యం నాకు ఆసక్తి కలిగించింది. వాళ్లు ఫొటోలను చూడనే లేదు, రుజువుగా లోపలికే రానివ్వలేదు. వాళ్లు ఏ నియమం కింద వాటిని ఇన్‌అడ్మిసిబుల్ అంటున్నారో చూపమని అడగాలి. మన కోపం ప్రకటించడం కన్నా వాళ్ల మాటను వాళ్ల చేతికే ఇచ్చి ప్రశ్నించడం బలమైనది. స్పెల్లింగులో ఒక జాగ్రత్త: దీని తోకలో ఐ ఉంటుంది, అన్‌యాక్సెప్టబుల్ తోకలో ఎ.

అబ్జెక్షనబుల్ దారికి అడ్డం వేసిన రాయి. మూలం కూడా అదే, ఎదురుగా విసరడం. మన అభ్యంతరకరం దీనికి సరిపోతుంది. ఇది వినడానికి ఘాటుగా ఉన్నా నిజానికి అన్‌యాక్సెప్టబుల్ కన్నా ఒక మెట్టు కింద ఉంటుంది. అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పినా పని సాగవచ్చు. మాటలు, రాతలు, బొమ్మలు, వాసనలు దీని పరిధి. ఫోనులో ఆ ఉద్యోగి ఏమన్నాడని అడిగాను. "చదవడం రానివాళ్లకు కుట్టు ఎలా ఉంటే ఏం" అన్నాడట. అబ్జెక్షనబుల్ అని రాయి, ఆ మాటలు యథాతథంగా కింద పెట్టు అన్నాను. మాటలు అక్కడుంటే విశేషణం గొంతు చించుకోనక్కర్లేదు.

ఇక్కడే ఇన్‌అప్రోప్రియేట్ గురించి రెండు మాటలు. తగనిది, సందర్భానికి నప్పనిది అని అర్థం. పెద్ద తప్పును చిన్నది చేసి చూపడానికి ఆఫీసులు ఈ మాటను తెగ వాడుతున్నాయి. వేధింపును ఇన్‌అప్రోప్రియేట్ అనడం పెళ్లికి చెప్పుల్లేకుండా రావడంతో దాన్ని సమానం చేయడమే. నేను ఈ మాటను దుస్తులకూ, హాస్యానికీ, వేళ కాని వేళ చేసే పనులకూ పరిమితం చేస్తాను.

అన్‌టెనబుల్ తర్కానికి చెందినది. లాటిన్ తెనెరె అంటే పట్టి ఉంచడం. దాని వెనకున్న ఇంకా పాత మూలానికి సాగదీయడం అని అర్థం; మన తంతువు, తంత్రం కూడా ఆ మూలానివే. శత్రువు ముట్టడిలో నిలబెట్టుకోలేని కోటకు వాడేవారు. కోట పోయి వాదన మిగిలింది. మనుషులకు, పనులకు ఇది వాడరు. సిద్ధాంతం, వాదన, పరిస్థితి, పదవిలో కొనసాగడం, వీటికి వాడతారు. మంత్రిగారి స్థితి అన్‌టెనబుల్ అని పత్రికలు రాశాయంటే రాజీనామా దగ్గర పడిందని లెక్క. తేమ వాదనకు సరైన మాట ఇదే. 1000 ప్రతులూ ఒకే గదిలో ఉండగా, ఒకే కట్టలోని 3 ప్రతులకే తేమ ఎలా తగిలింది? వాదన నిలవదు. నిలవదు అన్న మన క్రియ ఆ లాటిన్ కోట బొమ్మకు ఎంత దగ్గరో చూడండి.

అన్‌కాన్షనబుల్ అన్నిటిలోకీ బరువైనది. అంతరాత్మను, మనస్సాక్షిని సూచించే కాన్షెన్స్ దీని కడుపులో ఉంది. కటువైన బేరాన్ని ఇది సూచించదు. మనస్సాక్షి ఉన్నవాడెవడూ పెట్టని బేరాన్ని సూచిస్తుంది. ఇది చట్టంలోకి కూడా వెళ్లింది. అమెరికా వాణిజ్య నియమావళి యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని 2-302 సెక్షను ప్రకారం ఒప్పందం కుదిరిన నాటికే అలాంటిదని తేలితే కోర్టు దాన్ని అమలు చేయడానికి నిరాకరించవచ్చు. 1965లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు ముందుకు ఒక ప్రసిద్ధమైన కేసు వచ్చింది. ఒక మహిళ ఒకే దుకాణంలో 1957 నుంచి వాయిదాల మీద సామాన్లు కొంటూ వచ్చింది. ఒప్పందంలో ఒక చిన్న వాక్యం ఉంది. దాని ప్రకారం, మొత్తం బాకీ తీరేదాకా ఏ ఒక్క వస్తువూ పూర్తిగా ఆమెది కాదు. 1962లో 514.95 డాలర్ల స్టీరియో కొని వాయిదా తప్పగానే, అంతకుముందు కొన్నవి కూడా తిరిగి ఇచ్చేయమంది దుకాణం. ఇలాంటి ఒప్పందాన్ని కోర్టులు గుడ్డిగా అమలు చేయనక్కర్లేదని అప్పీళ్ల కోర్టు చెప్పి, విచారణకు తిప్పి పంపింది. బలవంతుడు రాసిన షరతు, బలహీనుడికి వేరే దారి లేకపోవడం, ఫలితం ఘోరంగా ఉండటం, ఈ మూడూ కలిసిన చోటే ఈ మాట బతుకుతుంది.

మరి మా 24 గంటల షరతుకు ఇది పనికొస్తుందా? కుర్రవాడికి చాలా నచ్చింది ఈ మాట. నేను వద్దన్నాను. సరుకు దారిలో ఉండగానే గడువు ముగిసే షరతు అన్యాయమే. కానీ మేం దిక్కులేనివాళ్లం కాము. చదివి సంతకం పెట్టాం, ఇంకో ముద్రాపకుడి దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ మాకుంది. అన్‌రీజనబుల్ చాలు. ఆ మాట మామూలుగా కనబడుతుంది గాని, ఒప్పందాల ప్రపంచంలో దానికి పదును ఎక్కువ.

ఇన్‌ఎక్స్‌క్యూజబుల్, అంటే క్షమించరానిది, గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సంజాయిషీ విన్న తర్వాత వాడే మాట అది. వినకముందే వాడితే తొందరపాటు.

ఎగ్రీజియస్ మాత్రం ముచ్చటైన కథ. లాటిన్‌లో మంద నుంచి వేరుగా నిలిచినది అని అర్థం. మొదట ఇది పొగడ్త, విశిష్టుడు అన్నట్టు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఎత్తిపొడుపుగా వాడటం మొదలుపెట్టారు, ఎత్తిపొడుపే అసలు అర్థమై కూర్చుంది. మహానుభావుడు అన్న మాటను మనం ఎన్ని గొంతులతో పలుకుతామో తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. తప్పు ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతోందో చెప్పాలంటే ఈ మాట. గీత ఎక్కడుందో చెప్పాలంటే కాదు.

వాక్యంలో పెట్టేటప్పుడు

వెరీ అన్‌యాక్సెప్టబుల్ అనకండి. గీత దాటడం అంటే దాటడమే, చాలా దాటడం ఉండదు. బలం కావాలంటే టోటలీ, హోల్లీ వంటివి తోడు పెడతారు. నా మట్టుకు అవి కూడా దండగే. ఉపయోగపడేది ఇంకో రూపం ఉంది, క్రియావిశేషణం అన్‌యాక్సెప్టబ్లీ. ఇంకో విశేషణం ముందు నిలబెట్టి, ఒప్పుకోలేనంత ఎక్కువ, ఒప్పుకోలేనంత నెమ్మది అని చెప్పడానికి వాడవచ్చు. మన లేనంత చేసే పని అది చేస్తుంది.

ఎవరికి అన్నది టు తోడుతో చెప్పాలి, ఫర్‌తో కాదు. రోగులకు ఆమోదయోగ్యం కాని చికిత్స అనాలంటే టు. ఫర్ పెడితే అర్థం జారి, ఫలానావారు అలా చేయడం తగదు అనే వైపు పోతుంది. పలికేటప్పుడు ఊనిక సెప్ మీద పడాలి. తెలుగువాళ్లం మొదటి అక్షరాన్ని గట్టిగా నొక్కి, మధ్యదాన్ని మింగేస్తుంటాం.

భాషాశాస్త్రంలో ఈ మాటకు వేరే జీవితం ఉంది, అది తెలియక పాఠ్యపుస్తకాలు చదివేవారు తడబడతారు. అక్కడ వ్యాకరణానికి లోబడటం ఒకటి, వినేవాడికి ఆమోదంగా ఉండటం ఇంకొకటి. నోమ్ చామ్‌స్కీ 1965లో ఈ తేడాను గట్టిగా నిలబెట్టారు. ఇంగ్లీషులో ఎలుక, పిల్లి, కుక్క మూడింటినీ ఒకదాని కడుపులో ఒకటి దూర్చి వాక్యం అల్లితే, కర్తలన్నీ ముందూ క్రియలన్నీ వెనకా పోగుపడతాయి. సూత్రాల ప్రకారం తప్పులేదు, కానీ చెవి ఒప్పదు. వ్యాకరణం దాటనిచ్చినా జ్ఞాపకశక్తి దాటనివ్వదు. అదే మన భాషలో చూడండి: కుక్క తరిమిన పిల్లి చంపిన ఎలుక తిన్న ధాన్యం. ఎక్కడా తడబాటు లేదు, నది దిగువకు పోయినట్టు పోతుంది. విశేషణ వాక్యాన్ని నామవాచకానికి ముందు పెట్టే భాషకు ఆ ఇబ్బందే రాదు. ఇంగ్లీషు చెవికి అన్‌యాక్సెప్టబుల్ అయిన కూర్పు తెలుగు చెవికి పిల్లల పాటలా ఉంది.

తర్జుమా చేసేటప్పుడు ఆమోదయోగ్యం కాదు అనేది పత్రికల్లో స్థిరపడిపోయిన సమానార్థకం. ప్రభుత్వ ప్రకటనకు బాగుంటుంది. మనిషి మనిషితో అనే చోట అది కర్ర మింగినట్టుంటుంది. తెలుగుకు ఈ పనికి అసలు విశేషణాలే అక్కర్లేదు; తగదు, కూడదు, చెల్లదు, కుదరదు, పనికిరాదు, నిలవదు అని పొట్టి క్రియలున్నాయి. మర్యాద కాదంటే తగదు, ధర్మం కాదంటే కూడదు, నియమం కాదంటే చెల్లదు, వీలు కాదంటే కుదరదు. ఇంగ్లీషు ఆరు విశేషణాలతో చేసే విభజన మనం నాలుకమీద రోజూ చేస్తూనే ఉన్నాం. అందుకే కుర్రవాణ్ని ఉత్తరం ముందు తెలుగులో చెప్పమన్నాను. ఆలస్యం కుదరదు అన్నాడు. కుట్టు పనికిరాదు, ఆ మాట తగదు, వాదన నిలవదు, ఫొటోలు చెల్లవనడం ఏమిటి, ఆ షరతు అన్యాయం. ఆరింటికి ఆరూ వేరే మాటలు, ఆలోచించకుండానే వచ్చాయి.

మర్నాడు తెచ్చిన ప్రతిలో అన్‌యాక్సెప్టబుల్ ఒక్కచోటే ఉంది, 80లో 3 అన్న అంకెల పక్కన. ఆలస్యం దగ్గర ఏ విశేషణమూ లేదు. ఒప్పుకున్న తేదీ, సరుకు అందిన తేదీ పక్కపక్కన రాసి ఊరుకున్నాడు.